అశక్తత – అర్హత

పనిచేయగల మనిషిని ఒక సంఘం ఎట్లా చూస్తున్నదో తెలియాలంటే, పనిచేయలేని మనిషిని అది ఎట్లా చూస్తున్నదో ముందుగా పరిశీలించాలి. ఒళ్ళు వంచి పనిచేసినంతకాలం కార్మికుడికి కూలి ఇవ్వక తప్పదు గనుక ఇస్తారు. ఆ ఒళ్ళు చెడిపోయి, అతని దగ్గర కొనుక్కోవడానికి ఇక ఏమీ మిగలని రోజున అతనికి ఏదైనా ఇస్తే, దాన్ని ఏ పేరు మీద ఇస్తున్నారు? దయ పేరు మీదనా, హక్కు పేరు మీదనా? ఈ ప్రశ్నకు మన పాలకులూ, మన చట్టాలూ చెబుతూ వచ్చిన జవాబులకు నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను మార్టూరు పరిసరాలలో నిలబడి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మార్టూరు పత్తి, మిరప, పొగాకు పండే నేల నడుమ ఉన్న ఊరు. మద్రాసు – కలకత్తా రహదారి ఊరి మీదుగా పోతుంది. కొన్ని దశాబ్దాలుగా ఆ రహదారి వెంట గ్రానైటు కోసి నునుపు పట్టే ఫ్యాక్టరీలు వందల సంఖ్యలో వెలిశాయి. రాయి బల్లికురవ కొండల నుంచి వస్తుంది. ‘స్టీల్ గ్రే’ అనే పేరుతో దేశదేశాలకు పోతుంది. రాయి తొలిచేవాళ్ళూ, కోసేవాళ్ళూ, పాలిషు పట్టేవాళ్ళూ చుట్టుపక్కల పల్లెల నుంచీ, ఒడిశా, బీహారు వంటి దూరప్రాంతాల నుంచీ వచ్చినవాళ్ళు. కాస్త ఉత్తరంగా చిలకలూరిపేట, గణపవరం వైపు పోతే నూలు మిల్లులు. ఒకచోట రాతిధూళి, ఇంకొకచోట పత్తిధూళి. ఈ రెండు ధూళుల మధ్య కొన్ని వేల కుటుంబాల బతుకు గడుస్తున్నది.

2025 ఆగస్టు 3న బల్లికురవ దగ్గర ఒక క్వారీలో బండలు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కార్మికులు చనిపోయారు. విచారణ మాట, పరిహారం మాట వెంటనే వచ్చాయి. రావలసిందే. అయితే ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. రాయి మీదపడితే దానికి ఒక తేదీ ఉంటుంది, ఒక గంట ఉంటుంది, ఒక చోటు ఉంటుంది, చూసిన సాక్షులుంటారు. అదే రాయి ధూళిగా మారి ఊపిరితిత్తులలోకి పోతే దానికి తేదీ లేదు. కంటికి కనిపించనంత సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడి మెత్తని కండను గట్టిపరుస్తాయి. రోగం బయటపడటానికి సాధారణంగా పదేళ్ళో ఇరవై ఏళ్ళో పడుతుంది. మొదట దగ్గు, తరువాత ఆయాసం, ఆ తరువాత నాలుగడుగులు వేస్తే రొప్పు. దీనికి సిలికోసిస్ అని పేరు. వచ్చినదాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పైగా లక్షణాలు క్షయను పోలి ఉండటంచేత ఎంతోమంది క్షయరోగులుగానే మందులు మింగుతూ పోతారు. రోగం తేలేనాటికి కార్మికుడు ఎన్నో ఫ్యాక్టరీలు మారి ఉంటాడు. ఆ ఫ్యాక్టరీలలో కొన్ని మూతపడి ఉంటాయి, కొన్ని చేతులు మారి ఉంటాయి.

చట్టానికి ప్రమాదం అర్థమైనంత తేలికగా రోగం అర్థం కాలేదు. జబ్బుపడి అశక్తుడైన మనిషి పెట్టుకున్న అర్జీ తిరిగిరావడం ఏదో ఒక గుమాస్తా నిర్దయ వల్ల జరుగుతున్న పని కాదు. అది చట్టాల నిర్మాణంలోనే ఉన్నది. ఆ నిర్మాణం ఎట్లా ఏర్పడిందో చూద్దాం.

అశక్తుడెవరనే ప్రశ్న మన నేల మీద కాగితానికెక్కింది కరువుల కాలంలో. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాలో రెండు లక్షలదాకా నశించారని ఆ తరువాతి అంచనాలు చెబుతున్నాయి. అప్పటికి అశక్తుల జాబితాలు లేవు. బతికినవాడు బతికాడు, పోయినవాడు పోయాడు. 1876–78 నాటి ధాత కరువు వచ్చేసరికి పరిస్థితి మారింది. మద్రాసు రాజధానిలో కరువు పనులు పెట్టారు. నెల్లూరు, కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మాడిపోతున్న ఆ సమయంలో, 1877 జనవరిలో, ఖర్చు తగ్గించే బాధ్యత మీద సర్ రిచర్డ్ టెంపుల్‌ను వైస్రాయి లిట్టన్ పంపించాడు. మట్టిమోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి డబ్బు చాలునని అతడు నిర్ణయించాడు. ఆ తిండితో బరువుపని చేసే ఒళ్ళు నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. ఆ వాదానికి కొంత ఫలితం దక్కేలోపలే లెక్కలేనంతమంది చనిపోయారు.

కరువు పోయింది గాని ఆ కరువులో పుట్టిన ఆలోచన పోలేదు. 1880 కరువు కమిషన్ తరువాత, 1883లో తయారైన కరువు నిబంధనావళి జనాన్ని రెండుగా విడదీసింది. పనిచేయగలవాడు పని చేసి తీరాలి; పనిచేయలేడని తేలినవాడికి మాత్రమే ఉచిత సాయం. గుడ్డివాళ్ళూ, కుంటివాళ్ళూ, ముసలివాళ్ళూ, ఆదుకునే బంధువులు లేనివాళ్ళూ ఎవరెవరో గ్రామాధికారులు పట్టిక రాయాలి. పై అధికారి వచ్చి తనిఖీ చేయాలి. ఈ నిబంధనావళి కొన్ని ప్రాణాలను కాపాడిందన్న మాటను కాదనలేము. కాని దాని వెనక ఉన్న భయాన్ని కూడా గుర్తించాలి. పనిచేయగలవాడు కూడా అశక్తుణ్ణని చెప్పి సర్కారు గింజలు తింటాడేమోనన్నదే ఆ భయం. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం వెనక ఉన్నదీ ఇదే. ఆకలిగొన్నవాడిని ముందు అనుమానించాలి, తరువాత అన్నం పెట్టాలి. పట్టిక, తనిఖీ, తొలగింపు అనే వరుస అప్పుడే ఏర్పడింది. తరువాతి కాలంలో కరణం పట్టిక పోయి కంప్యూటరు జాబితా వచ్చింది. వరుస మాత్రం అదే.

రెండవ ఘట్టం ఫ్యాక్టరీలది. యంత్రాలు వచ్చాక వేళ్ళు తెగిపోవడం, చేతులు నలిగిపోవడం నిత్యకృత్యమయ్యాయి. కార్మికుల ఒత్తిడికి జర్మనీలో బిస్మార్కు 1883లో జబ్బు బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య, అశక్తతా బీమా తెచ్చాడు. సోషలిస్టుల బలాన్ని తగ్గించడం అతని ఉద్దేశ్యం. అయినా కార్మికుడు చెల్లించిన చందా మీద అతనికి హక్కు పుడుతుందన్న సూత్రం లోకంలోకి వచ్చింది. ఇంగ్లండు 1897లో కార్మిక పరిహార చట్టం చేసింది. ‘ప్రమాదం’ ఉంటేనే పరిహారం. సీసం కరిగించి కరిగించి విషమెక్కినవాడి సంగతేమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు, 1906లో ఆరు రోగాలను మాత్రం ఒక జాబితాలో చేర్చి, అవి వస్తే ప్రమాదం జరిగినట్టే భావించాలన్నారు. రాతిధూళి రోగానికి అక్కడ ప్రత్యేక చట్టం 1918లోగాని రాలేదు.

మన దేశానికి ఈ చట్టం 1923లో వచ్చి, 1924 జూలై 1న అమలైంది. దాని మొదటి జాబితాలో ఉన్నవి ఆంత్రాక్స్, సీసపు విషం, భాస్వరపు విషం వంటి కొద్ది రోగాలే. కాలక్రమాన జాబితా పెరిగింది; సిలికోసిస్ చేరింది, పత్తిధూళి వల్ల వచ్చే బిసినోసిస్ కూడా చేరింది. అయితే చట్టం వాడిన మాటను గమనించండి. జాబితాలో ఉన్న రోగం వస్తే దాన్ని ‘ప్రమాదం వల్ల కలిగిన గాయంగా భావించాలి’ అన్నది. అంటే చట్టానికి రోగాన్ని రోగంగా చూసే కన్ను లేదు. దాన్ని ప్రమాదంగా ఊహించుకున్నప్పుడే అది కనిపిస్తుంది. ఆ ఊహకు షరతులున్నాయి. ఫలానా పనిలో ఇన్నాళ్ళు ఎడతెగకుండా చేసి ఉండాలి. అది ఎవరు చెప్పాలి? మస్టరు చెప్పాలి, జీతం చీటీ చెప్పాలి. మేస్త్రీ చేతిమీదుగా వచ్చి, అడుగుల లెక్కన కూలి పుచ్చుకుని, పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కకుండా పాతికేళ్ళు రాయి కోసినవాడికి ఏ మస్టరు సాక్ష్యం చెబుతుంది?

ఈ విషయంలో మన దక్షిణ దేశానికి ఒక పాత అనుభవం ఉన్నది. కోలారు బంగారు గనులలో చిత్తూరు ప్రాంతం నుంచి పోయిన తెలుగువాళ్ళూ, తమిళులూ తరతరాలుగా రాయి తొలిచారు. అక్కడ సిలికోసిస్ ఉన్నదని 1930లలో వైద్యులు నిర్ధారించారు. 1940లో మైసూరు ప్రభుత్వం పరిహారానికి నిబంధనలు చేసింది. గని ఒక్కచోట ఉండి, కార్మికుడు అక్కడే కాపురముండి, సంఘం పెట్టుకుని అడగగలిగాడు గనుక ఆ మాత్రమైనా సాధ్యమైంది. మార్టూరు వంటి చోట వందల చిన్న ఫ్యాక్టరీలు, వందలమంది యజమానులు. కార్మికుడు ఈ సంవత్సరం ఒకచోట, పై సంవత్సరం మరొకచోట. పెట్టుబడి చిన్న ముక్కలుగా చెదిరి ఉన్నచోట బాధ్యత కూడా చెదిరిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఈ.ఎస్.ఐ. చట్టం చేశారు, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పథకం ప్రారంభమైంది. ఇది దయకు సంబంధించింది కాదు, చందాకు సంబంధించింది. జబ్బుచేస్తే కొంతకాలం జీతంలో భాగం, కొన్ని దీర్ఘరోగాలకు మరికొంత గడువు, వృత్తిరోగం వల్ల శాశ్వతంగా అశక్తుడైతే మెడికల్ బోర్డు తేల్చిన మేరకు జీవితాంతం భృతి, బోర్డు కాదంటే అప్పీలు చేసుకునే అవకాశం. ఇంత మంచి ఏర్పాటు కాగితం మీద ఉన్నది. కాని పదిమంది లోపు పనిచేసేచోటికి అది సాధారణంగా రాదు. వచ్చినచోట కూడా, పనిచేసే నలభైమందిలో పదిమంది పేర్లే పుస్తకంలో ఉంటే మిగిలిన ముప్పైమంది చట్టం దృష్టిలో పుట్టనివాళ్ళే. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చి, 1923, 1948 చట్టాలను తమలో కలుపుకున్నాయి. వృత్తిరోగాల జాబితా కొత్త కోడ్‌లోనూ ఉన్నది. నియామక పత్రం తప్పనిసరి అన్న మాటా ఉన్నది. ఆ పత్రం రాతికోత కార్మికుడి చేతికి వచ్చిననాడు ఆ జాబితాకు ప్రాణం వస్తుంది.

ఇప్పుడు శాతాల సంగతికి వద్దాం. పరిహార చట్టం దేహాన్ని ముక్కలుగా విడదీసి ధర కట్టింది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం, ఒక కన్ను పోతే 40 శాతం. ఈ పద్ధతిలో ఒక న్యాయం లేకపోలేదు. యజమాని ఇష్టానికి వదలకుండా కనీసం ఒక లెక్క ఏర్పడింది. కాని మనిషి పనిచేసేది వేళ్ళ మొత్తంతో కాదు. 1968లో జయపురంలో ఒక సినిమా హాలు పనిలో పడిపోయి, ఎడమచెయ్యి మోచేతి పైదాకా పోగొట్టుకున్న వడ్రంగి కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. పట్టిక ప్రకారం అది పాక్షిక నష్టమేనని యజమాని వాదం. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతనికి జరిగింది సంపూర్ణ నష్టమేనని 1975 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. 2010లో మరో తీర్పులో అదే కోర్టు ఈ భేదాన్ని మరింత వివరించింది. ఒకే విధంగా చెయ్యి పోయినా డ్రైవరుకు జరిగే నష్టం వేరు, గుమాస్తాకు జరిగే నష్టం వేరు. దేహానికి కలిగిన లోపం ఒకటి, దానివల్ల పోయిన జీవనాధారం మరొకటి. ఈ రెంటినీ కలిపివేయకూడదన్నదే ఆ తీర్పుల సారం.

కోర్టులు గుర్తించిన ఈ భేదాన్ని పింఛను నిబంధనలు గుర్తించలేదు. 1996 ఫిబ్రవరిలో అమలైన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను పేర్కొని, 40 శాతానికి తగ్గనిదే వైకల్యమన్నది. 2016 చట్టం ఏడింటిని ఇరవై ఒకటి చేసింది. పార్కిన్సన్, తలసీమియా, సికిల్ సెల్ వంటివి చేరాయి. ఇది ఉద్యమాల ఫలితం, మేలైన మార్పు. అయినా ఆ ఇరవై ఒకటిలో ఊపిరితిత్తుల రోగం లేదు, గుండెజబ్బు లేదు, మూత్రపిండాల రోగం లేదు. సిలికోసిస్ వచ్చినవాడికి కాళ్ళూ చేతులూ సరిగానే ఉంటాయి. కళ్ళు కనిపిస్తాయి, చెవులు వినిపిస్తాయి. సదరం శిబిరంలో అతన్ని నిలబెట్టి, వంగమని, పిడికిలి బిగించమని చూస్తే అన్నీ చేస్తాడు. బస్టాండు నుంచి ఆసుపత్రిదాకా నడవడానికి మూడుసార్లు కూర్చోవలసి వచ్చిందన్న సంగతి ఆ కాగితంలో రాసుకునే గడి ఎక్కడ ఉన్నది? వైకల్యం కోసం పోతే ఇది రోగమంటారు. వృత్తిరోగం కోసం పోతే పనిచేసిన రుజువేదంటారు. ఈ రెండు కిటికీల మధ్య మనిషి ఆయాసపడుతూ తిరుగుతాడు.

ఇది ఒక్క రాతిధూళి కథ కాదు. ఈ ప్రాంతానికే చెందిన మరొక ఉదాహరణ చూడండి. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే రోగం మన దేశంలో ఉన్నదని 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వాళ్ళు పరిశోధించింది నాటి నెల్లూరు జిల్లా గ్రామాలను. ఆ జిల్లాలోనే ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరిన కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాలు ఫ్లోరైడుకు పేరుపడినవే. వెన్ను పూర్తిగా వంగిపోయినవాడికి శాతం దొరుకుతుంది. వెన్ను వంగడానికి ముందు, కీళ్ళు పట్టేసి నాట్లకు వంగలేని ఇరవై ఏళ్ళకు శాతం లేదు. ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల రోగం చూడండి. అది వికలాంగుల చట్టంలో లేదు గనుక, ఏళ్ళ తరబడి ఆందోళన జరిగాక, ప్రభుత్వం ప్రత్యేకంగా పింఛను పెట్టవలసి వచ్చింది. 2019 తరువాతి నిబంధనల్లో డయాలిసిస్ దశకు చేరినవారికి నెలకు 10,000 రూపాయలు, రక్తంలో క్రియాటినిన్ 5 దాటినవారికి 5,000 రూపాయలు అన్నారు. 2024లో రెండవదాన్ని కూడా పదివేలు చేశారు. అడిగితే చట్టంలో లేని గడి కూడా పుడుతుందనడానికి ఉద్దానం సాక్ష్యం. ఆ గడికి కూడా ఒక అంకెను కాపలా పెడతారనడానికీ అదే సాక్ష్యం. క్రియాటినిన్ నాలుగున్నర ఉన్నవాడు కూడా పలుగు పట్టలేడు. అయినా అతను ఐదు దాటేదాకా మరింత జబ్బుపడుతూ ఎదురుచూడాలి.

39కీ 40కీ మధ్య గీత మనిషి దేహంలో లేదు, ఖజానాలో ఉన్నది. మన రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో, రోగంలో, అశక్తతలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును గుర్తించింది. కాని ‘ఆర్థిక శక్తి మేరకు’ అన్న షరతు పెట్టి, కోర్టులో అడగడానికి వీలులేని ఆదేశిక సూత్రాల్లో చేర్చింది. హక్కు అన్న మాటను ఒక చేత్తో ఇచ్చి, అడిగే దారిని మరో చేత్తో మూసింది. శాతాల గీతలన్నీ ఆ షరతు నుంచి పుట్టినవే.

2024 జూలైలో మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానపడినవారికి 15,000 రూపాయలు అయింది. పేద కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ఈ పెంపును మెచ్చుకోవలసిందే. మొత్తం పెరిగిన కొద్ది నెలలకే, 2025 జనవరి నుంచి, పునఃపరిశీలన మొదలైంది. మొదట మంచానపడినవారి ఇళ్ళకు వైద్యబృందాలు పోయాయి. తరువాత మిగిలినవారిని ఆసుపత్రులకు పిలిచారు. ఆగస్టులో పెద్ద సంఖ్యలో పింఛనుదారులకు అనర్హులంటూ నోటీసులు వచ్చాయి. ఏళ్ళ తరబడి శాశ్వత వైకల్యమని రాసి ఉన్న పత్రాలు ఒక్క పరీక్షతో తాత్కాలికమయ్యాయి. నలభై పైన ఉన్న శాతాలు కిందికి దిగాయి. కలెక్టరేట్ల ముందు ఆందోళనలు జరిగాయి. అప్పీలు చేసుకున్నవారికి మళ్ళీ పరీక్ష జరిగేదాకా పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేస్తారు. దొంగ పత్రాలు లేవా? చెవులు వినిపించేవాడు చెవిటివాడిగా పింఛను తినడంలేదా? లేదని ఎవరూ అనలేరు. దళారీ చేతిలో డబ్బుపోసి శాతం కొనుక్కున్నవాడు నిజమైన రోగికి దక్కవలసిన డబ్బును కాజేస్తున్నాడు, అతన్ని పట్టుకోవలసిందే. కాని దొంగను పట్టుకునే పద్ధతి ఏమిటన్నదే అసలు ప్రశ్న. శాతం అమ్మినవాడు కూడా ఒకడున్నాడు గదా! ఆ అమ్మకం సంగతి వదిలిపెట్టి, పింఛనుదారులందరినీ వరుసలో నిలబెట్టి, నీవు రోగివని మళ్ళీ రుజువు చేసుకోమనడం 1883 నాటి అనుమానానికి కొనసాగింపే. ఇంగ్లండులో కూడా 2008 నుంచి జబ్బుతో పనిమానినవారి శక్తిని కొలిచే పని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. కంపెనీ పరీక్ష మీద ఆధారపడి ఇచ్చిన నిరాకరణలలో గణనీయమైన భాగం అప్పీళ్ళలో తిరగబడింది. అప్పీలు చేసే ఓపిక లేనివాళ్ళ మాట ఏమిటి? దొంగ ఎట్లాగూ అప్పీలు చేస్తాడు. అతనికి ఓపిక ఉన్నది. తనిఖీ ఎంత కఠినమైతే అంత ఎక్కువగా దెబ్బతినేది, మళ్ళీ మళ్ళీ వచ్చి వరుసలో నిలబడలేని నిజమైన అశక్తుడే.

అయితే రోగానికి తేదీ లేనప్పుడు చట్టం ఏం చేయాలి? చరిత్రలోనే దీనికి జవాబున్నది. 1969 ఫిబ్రవరిలో అమెరికాలో వెస్ట్ వర్జీనియా బొగ్గుగని కార్మికులు, నల్ల ఊపిరితిత్తుల రోగానికి పరిహారం కావాలని వేల సంఖ్యలో సమ్మెకు దిగారు. ఆ ఏడాదే అక్కడ ఫెడరల్ చట్టం వచ్చింది. అందులో ఒక సూత్రం మనకు చాలా ముఖ్యం. పదేళ్ళు గనిలో పనిచేసినవాడికి ఈ రోగం వస్తే, అది గనివల్లనే వచ్చిందని భావించాలి. కాదని రుజువు చేసుకునే భారం రోగిది కాదు, ఎదుటివాడిది. రుజువు భారం ఒక భుజం మీదనుంచి మరో భుజం మీదకు మారింది. మన చట్టంలో కూడా ‘భావించాలి’ అన్న మాట 1923 నుంచీ ఉన్నదని పైన చూశాం. కాని మన మాటకు మస్టరు కావాలి. ఆ మస్టరు యజమాని చేతిలో ఉన్నది.

మన దేశంలోనూ కొంత కదలిక లేకపోలేదు. 1995 జనవరిలో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు అన్నది. కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటినుంచి కనీసం నలభై ఏళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. రోగానికి తేదీ లేదన్న సంగతిని కోర్టు గ్రహించినందువల్లనే ఈ నలభై ఏళ్ళ మాట వచ్చింది. గుజరాత్‌లో గోధ్రా దగ్గర రాతిపొడి ఫ్యాక్టరీలలో పనిచేసి, మధ్యప్రదేశ్‌లోని తమ పల్లెలకు తిరిగివెళ్ళి చనిపోయిన 238 మంది ఆదివాసీల కుటుంబాలకు తలకు మూడు లక్షల రూపాయలు ఇవ్వాలని 2016 మేలో అదే కోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పని ఒక రాష్ట్రంలో, చావు మరో రాష్ట్రంలో. అయినా బాధ్యత పనిచేయించుకున్న నేలదేనని దీనివల్ల తేలింది. ఒడిశా నుంచి వచ్చి బల్లికురవలో రాయి తొలిచి, ఆయాసంతో ఇంటికి తిరిగిపోయే కార్మికుడికి మన రాష్ట్రంలో రేషను కార్డు లేదు గనుక పింఛను లేదు. కాని రాయి మన రాష్ట్రానిది, దానిమీద వచ్చిన రాయల్టీ మన ఖజానాది. 2019లో రాజస్థాన్ ప్రభుత్వం సిలికోసిస్ వంటి ధూళిరోగాలకు ఒక ప్రత్యేక విధానం ప్రకటించింది. రోగం నిర్ధారణ అయితే మూడు లక్షలు, రోగి చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు. యజమాని ఎవరో చూపించమని రోగిని వెంటాడకుండా ముందు డబ్బిచ్చే పద్ధతి అది. రాతిపని విస్తారంగా ఉన్న మన రాష్ట్రానికి అటువంటి విధానం ఎందుకు ఉండకూడదు?

ఈ చరిత్రంతా చూశాక కొన్ని నిర్ణయాలకు రావడం సాధ్యమే. ఒకటి: అశక్తతను కొలవవలసింది పోయిన అవయవంతో కాదు, పోయిన పనితో. రాయి మోసేవాడి ఊపిరిని కొలవకుండా అతని మోకాలిని కొలవడం న్యాయం కాదు. రెండు: రాతి ఫ్యాక్టరీలోనో నూలు మిల్లులోనో ఇన్నేళ్ళు చేశాడని తోటి కార్మికులు చెబితే ఆ సాక్ష్యం చాలాలి, కాదనే భారం మస్టరు రాయనివాడిమీద ఉండాలి. మూడు: ఏటా ఛాతీ పరీక్ష జరిగి, ఆ కాగితం ప్రతి ఒకటి కార్మికుడి చేతిలో ఉండాలి. నాలుగు: ఒకసారి ఇచ్చిన పింఛనును తీసివేయాలంటే ముందు విచారణ, తరువాత తొలగింపు జరగాలి గాని, ముందు తొలగింపు, తరువాత విచారణ కాదు. ఇవి విప్లవం కోరే కోర్కెలు కావు. చాలావరకు తీర్పుల్లోనూ, చట్టాల్లోనూ, ఇతర రాష్ట్రాల అనుభవంలోనూ ఇప్పటికే ఉన్నవే.

మాటల చరిత్రలో కూడా మనకు కొంత పాఠమున్నది. అర్జీ, హక్కు అనే రెండు మాటలూ అరబ్బీలో పుట్టి, పారశీ, ఉర్దూల మీదుగా కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చాయి. అర్జీ అంటే విన్నపం. హక్కు అంటే మూలభాషలో రావలసినది అని మాత్రమే కాదు, సత్యం అని కూడా అర్థం. అశక్తుడి విషయంలో మన పాలన ఇంతవరకు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. గుట్టను పలకలుగా కోసి, అద్దంలా మెరిపించి, ఓడలకెక్కించిన ఊపిరి ఇప్పుడు నాలుగు మెట్లెక్కలేకపోతున్నదన్నది సత్యం. ఆ సత్యానికి మూడు సంతకాలూ, ఒక శాతమూ అడగడం మానినప్పుడే అర్జీ హక్కుగా మారుతుంది. కరువు పనుల కాలం నుంచి నేటిదాకా ఆ మార్పు ఒక్కచోట కూడా దానంతటది జరగలేదు. కోలారులోనైనా, వెస్ట్ వర్జీనియాలోనైనా, ఉద్దానంలోనైనా, జబ్బుపడినవాళ్ళ పక్షాన ఇంకా ఊపిరి ఉన్నవాళ్ళు నిలబడి అడిగినందువల్లనే జరిగింది. మార్టూరు రహదారి పక్కన కూడా అట్లా అడగవలసి ఉన్నది.